బెయిల్ వచ్చాక మనిషిని ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

"బెయిలొచ్చింది కదన్నా, మావోడు ఇంకా రాలేదేంది?" కడప కోర్టు బయట టీ అంగడి దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది. జడ్జి సంతకంతో పనంతా అయిపోయిందనుకుంటారు. అయింది సగమే. మిగతా సగం షూరిటీలది, అంటే ముద్దాయి వాయిదాకు వస్తాడని హామీ నిలబడే మనుషులది, పేద కుటుంబాలు ఇరుక్కునేదీ అక్కడే.

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ చేతిలోకి తెచ్చుకోండి. అందులోని సెక్షన్లు బెయిలబులా, నాన్‌బెయిలబులా అని లాయరును అడగండి. బెయిలబుల్ అయితే బెయిల్ మీ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌బెయిలబుల్ అయితే అరెస్టయిన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అరెస్టులు, బెయిళ్ల పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ వచ్చింది. ముందస్తు బెయిల్ సెక్షన్ 438 ఇప్పుడు 482 అయింది. పాత నంబర్లు ఇంకా అందరి నోళ్లలో నానుతున్నాయి, వింటే కంగారు పడొద్దు.

లాయరుకు డబ్బు లేదా? జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

పిటిషన్ మామూలుగా మేజిస్ట్రేట్ కోర్టులో మొదలవుతుంది. అక్కడ కొట్టేస్తే సెషన్స్ కోర్టు, ఆ పైన హైకోర్టు. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి హైకోర్టు సీమకు రావాలన్న మాట నలుగుతూనే ఉంది, ప్రస్తుతానికి మాత్రం అమరావతి బస్సెక్కాల్సిందే.

ఈలోగా క్యాలెండర్ మీద ఒక కన్నుండాలి. పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, మిగతా వాటిలో 60 రోజుల్లో పోలీసులు ఛార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. రిమాండ్ విధించిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. కానీ అడగాలి. మీరు అర్జీ పెట్టేలోపు ఛార్జిషీట్ పడితే ఆ హక్కు పోయినట్టే. గంజాయి లాంటి కేసుల్లో లెక్కలు వేరు.

ఇక షూరిటీలు. ఆర్డర్‌లో ఎంతమంది కావాలో, ఎంత మొత్తానికో చదివించుకోండి. ఆ మొత్తం కోర్టులో కట్టే డబ్బు కాదు, ముద్దాయి వాయిదాకు రాకపోతే చెల్లిస్తామని రాసిచ్చే మాట. షూరిటీ నిలబడే మనిషి ఆధార్, ఫొటోలు, ఆస్తికి రుజువుగా ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాస్‌పుస్తకమో, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెటో తెచ్చుకోవాలి. ఏ కోర్టు ఏ కాగితం అడుగుతుందో ముందురోజే కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది. డబ్బు తీసుకుని ఎవరికైనా షూరిటీ పడతామనే వాళ్లు తగులుతారు. దొంగ కాగితం బయటపడితే కొత్త కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

కేసు కడపలో, షూరిటీ పడే అన్న భూమి తాడిపత్రిలో. "వేరే జిల్లా, కుదరదు" అన్నారనుకోండి. 1978లో మోతీరామ్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. తాపీ పనిచేసే మనిషిని 10,000 రూపాయల షూరిటీ అడిగారు, సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీరును తప్పుబట్టి, 1,000 రూపాయల సొంత బాండు మీద, అంటే ఆ మనిషి తానే రాసిచ్చే హామీ మీద వదలమన్నారు. లాయరుకు ఆ తీర్పు గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

షూరిటీ దొరకనే లేదా? షరతు సడలించమని అదే కోర్టులో అర్జీ వేయండి. బెయిలబుల్ కేసులో వారం దాటినా షూరిటీ ఇవ్వలేకపోతే ఆ మనిషిని నిరుపేదగా భావించి సొంత బాండు మీదే వదలాలి. మిగతా కేసులకు సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఒక దారి చూపింది. బెయిల్ వచ్చి 7 రోజులైనా ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల గడిచినా బాండు ఇవ్వలేకపోతే షరతులు మార్చాలేమో కోర్టే స్వయంగా చూడవచ్చు.

షూరిటీ కాగితాలు ఆమోదించాక కోర్టు నుంచి విడుదల ఉత్తర్వు జైలుకు వెళుతుంది. ఇంకో కేసులో రిమాండ్ ఉంటే మాత్రం గేటు తెరవరు, అది ముందే కనుక్కోండి.

షూరిటీ పడిన బంధువుకూ ఒక మాట. ముద్దాయి వాయిదాలు ఎగ్గొట్టే రకమని తేలితే, నన్ను తప్పించండని మేజిస్ట్రేట్‌కు ఎప్పుడైనా అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు కోర్టు ముద్దాయిని పిలిపించి వేరే షూరిటీ తెమ్మంటుంది, తేలేకపోతే జైలుకు పంపుతుంది.