తురహళ్ళి గరుసులో సైకిల్ తొక్కాలంటే

మాది హిందూపురం. బెంగళూరు ఉత్తరహళ్ళిలో ఉంటున్నాను. ఆదివారం తెల్లారేసరికి మౌంటెన్ బైక్ మీద తురహళ్ళి అడవి దగ్గరుంటాను. ఈమధ్య మా అక్క కొడుకు కూడా వస్తానంటున్నాడు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గేటు దగ్గర అటవీ శాఖ గార్డును అడగండి. కన్నడంలో "ఒళగె హోగబహుదా సార్?" (లోపలికి వెళ్ళొచ్చా సార్?) అంటే చాలు. సైకిళ్ళను రానిచ్చే వేళలు, దారులు మారుతూ ఉంటాయి. వద్దంటే వెనక్కి వచ్చేయాలి. చిన్న అడవి అది, చుట్టూ అపార్ట్‌మెంట్లు. నెమళ్ళకు మిగిలిన చోటు అంతే.

ఇక్కడ అసలు కష్టం ఎత్తు కాదు, గరుసు. లాల్‌బాగ్ గుట్టలో కనిపించే బండ లాంటిదే ఇక్కడా ఉంది, దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి, నైస్ అనే రకం రాయి. ఎండకూ వానకూ పైపొర రాలి ముతక ఇసుకవుతుంది. కింద గట్టి బండ, పైన పలచగా గరుసు. బేరింగ్ గోళీల మీద నడిచినట్టే ఉంటుంది.

అందుకే టైర్లలో గాలి తగ్గించాలి. మొదటిసారి నేను రోడ్డు మీద తొక్కినట్టే 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకుని వెళ్ళాను. రెండో మలుపులోనే ముందు చక్రం జారి మోకాలికి కుట్లు పడ్డాయి. ఇప్పుడు 70 కిలోల బరువున్న నేను, 2.25 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 22, వెనుక 25 పెడతాను. మీ బరువును బట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ చూసుకోండి. ట్యూబ్ ఉన్న టైరుకు ఇంత తక్కువ పనికిరాదు. రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. దానికి 30 దగ్గర ఉంచండి.

దిగేటప్పుడు సీటు కిందికి దించి, రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, మోకాళ్ళూ మోచేతులూ వదులుగా వంచి నిలబడాలి. బ్రేకు మీద ఒక్క వేలు చాలు. మలుపులోకి వెళ్ళాక బ్రేకు నొక్కితే జారడం ఖాయం. మలుపుకు ముందే, బండ శుభ్రంగా ఉన్న చోట వేగం తగ్గించి, గరుసులో బ్రేకు వదిలేయాలి. మా వాడికి ఇదే అలవాటు కాలేదు. "మామా, వదిలితే పడతానేమో" అంటాడు. "పట్టుకుంటేనే పడతావురా" అని ప్రతిసారీ చెప్తాను. ఒకే మలుపును పదిసార్లు తొక్కించాక వాడి భుజాలు వదులయ్యాయి. చూపు చక్రం మీద కాదు, వెళ్ళాల్సిన దారి మీద ఉండాలి.

ఎక్కేటప్పుడు చిన్న గేరు ఎక్కడం మొదలు కాకముందే వేసేయండి. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగొచ్చు. సీటు ముందు కొసకు జరిగి ఛాతీ వంచితే ముందు చక్రం లేవదు. బండ మరీ నిటారుగా ఉంటే దిగి నడవండి, నేనూ నడుస్తాను.

నీలగిరి చెట్ల కింద ఎండుటాకులు జారతాయి, వాటి కింద రాయి దాగి ఉంటుంది. అక్కడ నెమ్మదిగా వెళ్ళాలి. నడిచేవాళ్ళు ఎదురైతే ఆగి దారివ్వండి. పెద్ద వాన పడితే రెండు రోజులు ఆగండి. తడి ఎర్రమట్టి టైరుకు అంటుకుని చక్రం తిరగదు, దారి కూడా గాళ్ళు పడి పాడవుతుంది.

హెల్మెట్, మోకాలి గార్డులు, రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్, చేతి పంపు, ట్యూబ్‌లెస్ టైరు చిల్లు పూడ్చే ప్లగ్ కిట్ ఉండాలి. ఒక్కరే వెళ్ళొద్దు.

ట్యూబ్‌లెస్ టైరులో సర్కారు తుమ్మ ముల్లు దిగి గాలి పోకుండా ఉంటే దారిలో పీకకండి, అదే బిరడాలా పనిచేస్తుంది. ఇంటికొచ్చాక పీకి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం నిలబెట్టండి. టైరు లోపల పోసి ఉంచే సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) అక్కడికి చేరి మూసేస్తుంది. మన ఎండలకు సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, కాబట్టి మూడు నెలలకోసారి చూసి కొత్తది పోసుకోండి.