ట్రాకు లేకుండా కచేరీ చేయడం ఎలా

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఇప్పుడు పెళ్లి రిసెప్షన్ అయినా, వినాయక చవితి పందిరి అయినా, పాట అంటే చాలాచోట్ల పెన్‌డ్రైవులో తెచ్చిన ట్రాకు (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే రికార్డు చేసిన పాట) మీద పాడే పాటే. ఆ పద్ధతిని తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ముగ్గురు నలుగురు కూర్చుని, చేతిలోని వాద్యాలతోనే ఒక కార్యక్రమం నడపాలనుకునేవారికి, ముఖ్యంగా ఇంతకాలం ట్రాకు మీద పాడి ఇప్పుడు దానిని వదలదలచుకున్నవారికి, హార్మోనియం పక్కవాద్యంగా వాయిస్తూ నేను నేర్చుకున్న సంగతులు చెప్పడమే ఉద్దేశం.

ట్రాకు గాయకుడి తరఫున అయిదు పనులు చేస్తుంది. శ్రుతిని (పాటకు ఆధారమైన స స్థాయిని) పట్టి ఉంచుతుంది, కాలప్రమాణాన్ని, అంటే పాట నడిచే వేగాన్ని, కదలనివ్వదు, పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెబుతుంది, పల్లవికీ చరణానికీ నడుమ ఖాళీని నింపుతుంది, ఎక్కడ ఆపాలో నిర్ణయిస్తుంది. ట్రాకు తీసేసిన రోజున ఈ పనుల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి మీద పడుతుంది. ఎవరి మీద పడుతుందో ముందే తేల్చుకోకపోతే అన్నీ గాయకుడి మీదే పడతాయి, అప్పుడు పాడవలసిన మనిషికి పాట మీద ధ్యాస మిగలదు.

ఈ పంపకం ఎలా ఉండాలో చూడాలంటే మన జిల్లాలో దూరం పోనక్కరలేదు. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారత యజ్ఞానికి (మహాభారత కథను చెప్పి, ఆడే ఉత్సవానికి) వెళ్లి, మధ్యాహ్నం హరికథనూ రాత్రి వీధి నాటకాన్నీ శ్రద్ధగా గమనిస్తే చాలు. కథకుడు చిడతలతో తాళాన్ని తన చేతిలోనే ఉంచుకుంటాడు, శ్రుతిని హార్మోనియానికి అప్పగిస్తాడు, వచనం నుంచి పద్యంలోకి ఎప్పుడు దూకుతాడో మృదంగం మనిషికి చూపుతోనే తెలియజేస్తాడు. జనం ఒక ఘట్టాన్ని మెచ్చుకుంటే దానిని సాగదీస్తాడు, పసిపిల్లలు ఏడుస్తుంటే కుదిస్తాడు. ఈ వెసులుబాటే ట్రాకు ఇవ్వలేనిది, మనం సంపాదించుకోవలసినది.

అన్నిటికంటె ముందు తేలవలసినది శ్రుతి. ట్రాకు మీద పాడేవారికి ఒక్కో పాట ఒక్కో శ్రుతిలో ఉంటుంది, అది కూడా సాధారణంగా మూల గాయకుడి శ్రుతి. చేతివాద్యాలతో పాడేటప్పుడు ఈ అలవాటు నడవదు, ఎందుకంటే మృదంగాన్ని పాటకొకసారి శ్రుతి మార్చలేము, వేణువుకు శ్రుతికొక గొట్టం కావాలి. అందువల్ల కార్యక్రమమంతా ఒకే శ్రుతిలో సాగేట్టు పాటలను ఎంచుకోవాలి. మగవారిలో చాలామందికి ఒకటి నుంచి రెండు వరకు, ఆడవారికి అయిదు నుంచి ఆరు వరకు శ్రుతి సౌకర్యంగా ఉంటుంది. హార్మోనియం మీద ఒకటి అంటే సి, అయిదు అంటే జి, అయిదున్నర అంటే జి షార్ప్. మీ శ్రుతి తేల్చుకోవడానికి పల్లవిని పాడి చూసుకోవద్దు. మీ జాబితాలో అన్నిటికంటె పై స్థాయికి వెళ్లే చరణాన్నీ, అన్నిటికంటె కిందికి దిగే పంక్తినీ పాడి చూడండి. అది కూడా గంటసేపు పాడి గొంతు అలసిన తరువాత చూడాలి. తాజా గొంతుతో కుదిరిన శ్రుతి ఏడో పాటకు మోసం చేస్తుంది. నిర్ణయించిన శ్రుతిని మృదంగం వాయించేవారికి కనీసం వారం ముందే చెప్పాలి. హెచ్చు శ్రుతికి చిన్న మృదంగం, తగ్గు శ్రుతికి పెద్దది కావాలి కనుక, అయిదున్నరకు పాడతామని వేదిక మీద చెబితే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

తంబురా యాప్ వాడితే అది ట్రాకు వాడినట్టు కాదా అని కొందరు అడుగుతారు. నా దృష్టిలో కాదు. అది మిమ్మల్ని ఎక్కడికీ లాక్కుపోదు, మీరు ఆగితే మీ కోసం కాచుకుని ఉంటుంది. అయితే ఫోనులో పెట్టేవారు ఫోన్ కాల్స్ రాకుండా విమానం గుర్తు నొక్కడం మరవకూడదు. తంబురా దొరికి, దానిని మీటే మనిషి కూడా దొరికితే అంతకంటె కావలసింది లేదు. తీగలు సరిగా కలిసిన తంబురాలో మంద్ర షడ్జం (కింది స్థాయి స) నుంచి అంతర గాంధారం (గ) దానంతట అదే వినిపిస్తుంది. హార్మోనియంలోని గాంధారం దానికంటె కొద్దిగా హెచ్చుగా ఉంటుంది. హార్మోనియం వాయించే నేనే ఈ మాట ఒప్పుకోవలసి వస్తోంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాలలో ఇలాంటిదీ ఉంది. మన నాటకాల వేదికలు మాత్రం దానిని ఒక్కరోజు కూడా వదలలేదు. గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) ఎక్కువగా ఉన్న రాగాలలో హార్మోనియం షడ్జ పంచమాలు (స, ప) పట్టుకుని ఊరుకోవడం, వయొలిన్ ఉంటే అనుసరణను దానికి వదిలేయడం మర్యాద. గిటారుకు కూడా ఇదే వర్తిస్తుంది. కీర్తనకు నిండు కార్డులు (కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి మీటడం) వేస్తే రాగం నలిగిపోతుంది, షడ్జ పంచమాల తీగలు మీటితే నిలబడుతుంది.

బృందం చిన్నదిగా ఉండాలి. గాత్రం, ఒక స్వరవాద్యం, ఒక తాళవాద్యం, తాళం వేస్తూ శ్రుతి చూసుకునే ఒక మనిషి, మొత్తం నలుగురు. ఇంతకు మించి చేర్చేకొద్దీ అభ్యాసానికి కావలసిన సమయం పెరుగుతుంది, వినపడే మాట తగ్గుతుంది. నాదస్వరం, డోలు మన చెవికి ఎంత ఇష్టమైనవైనా మైకు లేని గాత్రం పక్కన పనికిరావు, అవి ఆరుబయట ఊరేగింపు కోసం పుట్టిన వాద్యాలు.

ఇక కాలప్రమాణం. ట్రాకు అలవాటున్న గాయకులకు ఇదే అసలు పరీక్ష. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో నిమిషానికి 80 దెబ్బల నడకతో పాడితే ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ఆరు సెకన్లు, నాలుగు ఆవర్తనాలకు 24 సెకన్లు పడుతుంది. నడక తెలియకుండా 84కు పెరిగితే అదే భాగం దాదాపు 23 సెకన్లలో అయిపోతుంది. ఒక పంక్తిలో ఈ తేడా ఎవరికీ తెలియదు. పాట చివరికి మృదంగం పరుగెడుతుంది, చరణంలోని సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) నలిగిపోతాయి, ఆయన పరుగెత్తించాడని మీరు, మీరు పరుగెత్తారని ఆయన అనుకుంటారు. దీనికి నాకు తెలిసిన మంచి సాధన ట్రాకుతోనే చేసేది. ట్రాకు పెట్టి పల్లవి పాడండి, అక్కడ శబ్దం పూర్తిగా తగ్గించి చేతితో తాళం వేసుకుంటూ నాలుగు ఆవర్తనాలు పాడండి, మళ్లీ శబ్దం పెంచండి. ట్రాకూ మీరూ ఒకే అక్షరం మీద కలిశారా, మీరు ముందుకు వెళ్లారా, వెనుకబడ్డారా అన్నది వెంటనే తెలుస్తుంది. నాలుగు ఆవర్తనాలు నిలిచిన తరువాత ఎనిమిది, ఆ తరువాత ఒక చరణం మొత్తం. శ్రుతి విషయంలోనూ ఇదే పని చేయవచ్చు: చరణం మొదట్లో శ్రుతి పెట్టె ఆపి, చివర షడ్జం మీద నిలిచినప్పుడు తిరిగి పెట్టి చూసుకోవాలి. మొదటి వారంలో ఫలితం మనసుకు కష్టంగానే ఉంటుంది. నెలరోజులు పట్టినా ఇది పూర్తి కాకుండా నలుగురినీ కూర్చోబెట్టవద్దు.

సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యభాగాన్ని ఏం చేయాలన్నది ప్రతి బృందమూ తలపట్టుకునే విషయం. ముప్పై వయొలిన్లు వాయించిన బిట్టును ఒక్క వేణువుతో యథాతథంగా పలికించాలని ప్రయత్నిస్తే అది పేదగా వినిపిస్తుంది, వినేవారు లేనిదాని కోసం వెతుక్కుంటారు. నా సలహా, కోసెయ్యండి. ఆ భాగం చేసే పని గాయకుడికి ఊపిరి ఇవ్వడం, చరణానికి చెవిని సిద్ధం చేయడం. దానికి ఒక ఆవర్తనం చాలు. వేణువు పల్లవి చివరి పంక్తిని ఒకసారి వాయించి ఊరుకోవచ్చు, లేదా స్వరవాద్యం ఆగిపోయి మృదంగం ఒక్కటే రెండు ఆవర్తనాలు నడవవచ్చు. కీర్తనలు పాడేవారికి ఈ చిక్కు లేదు, ప్రతి చరణం తరువాత పల్లవికి రావడమే ఆ పని చేస్తుంది. అన్నమాచార్య సంకీర్తనలు మన ప్రాంతపు బృందాలకు ఇంతగా అనువుగా ఉండడానికి మరో కారణం కూడా ఉంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి కాని స్వరలిపి లేదు. ఈనాడు వింటున్న వరుసలలో ఎక్కువభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని గత శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. ఆ వరుసలను గౌరవించి నేర్చుకుంటూనే, నడకను మన గొంతుకూ మన బృందానికీ తగినట్టు ఎంచుకోవడానికి చోటు ఉంది.

ఎత్తుగడ, ముగింపు ఈ రెండూ మాటల్లో మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవలసినవి. పాట సమం (తాళం మొదటి దెబ్బ) మీద మొదలవుతుందా, సగం దెబ్బ వదిలి మొదలవుతుందా అన్నది మృదంగం మనిషికి ముందే తెలియాలి. తెలియకపోతే మొదటి ఆవర్తనం ఆయన వెతుకులాటలోనే గడిచిపోతుంది. ముగింపుకు ఒకే పద్ధతి పెట్టుకోవడం మేలు: పల్లవి మొదటి పంక్తి మూడుసార్లు, మూడోసారి మృదంగం మూడు విడతల తీర్మానం (ఒకే వాయింపును మూడుసార్లు వాయించి ముగించడం), చివరి దెబ్బతో అందరూ ఆగడం. నడుమ సాహిత్యం మరిచిపోతే పల్లవికి రావడం అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. ట్రాకు మీద మరిచిపోతే అది మిమ్మల్ని వదిలి పోతుంది. ఇక్కడ మీరు పల్లవి ఎత్తుకుంటే ముగ్గురూ మీ వెంట వస్తారు, సభలో సగం మందికి పొరపాటు జరిగినట్టే తెలియదు. ఒకసారి ఒక కల్యాణ మండపంలో కరెంటు పోయినప్పుడు నాతో ఉన్న గాయని రెండో చరణంలో ఉన్నారు. ఆమె గొంతు పెంచలేదు. వేగం కొంచెం తగ్గించి, మాటలను విడివిడిగా పలికారు. భోజనాల దగ్గర ఉన్నవారు కూడా పళ్లాలు పట్టుకుని ముందుకు వచ్చారు.

కూర్చునే తీరు అలంకారం కోసం కాదు. గాత్రానికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్ ఉండాలనే కచేరీ సంప్రదాయంలో మృదంగం వాయించేవారు గాయకుడికి ఎదురుగా తిరిగి కూర్చుంటారు, అప్పుడు వారి కుడిమూత సభవైపు పడుతుంది, గాయకుడి ముఖమూ చేతి తాళమూ వారికి కనబడతాయి. ట్రాకు కార్యక్రమాలలో లాగా అందరూ వరుసగా సభను చూస్తూ నిలబడితే సంకేతాలన్నీ వృథా.

యాభై అరవై మంది కూర్చునే ఇంటి హాలులో మైకు వద్దు. కల్యాణ మండపాలలో తప్పదు, అయితే అక్కడ గచ్చు నేలా ఎత్తైన కప్పూ కలిసి శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక వేగమైన సంగతులు ముద్దగా వినిపిస్తాయి. నడక ఒక మెట్టు తగ్గించుకోవాలి. మైక్‌సెట్ ఆయనకు ట్రాకులతోనే ఎక్కువ పని కాబట్టి గాత్రానికి ఎకో నిండుగా పెట్టి ఉంచుతాడు, దానిని బాగా తగ్గించమని మొదటే అడగండి. గాత్రం మైకు నోటికి ఒక జానెడులోపు ఉండాలి. రెండు మైకుల మధ్య దూరం, ఒక్కో మైకుకూ దాని వాద్యానికీ మధ్య ఉన్న దూరానికి మూడు రెట్లయినా ఉంటే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడి మసకబారదు. మైకు కూత పెడితే గాత్రాన్ని తగ్గించనివ్వకండి, ముందు మానిటర్ పెట్టెను (గాయకుల వైపు తిప్పిన స్పీకరును) మైకు వీపువైపుకు జరపమనండి. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకుకు నిషేధం ఉంది కనుక జాబితాను 9.30కే ముగిసేట్టు వేసుకోవడం మంచిది. గణపతి పందిళ్లలో కార్యక్రమం ఆలస్యంగా మొదలవడం మామూలే.

మన ప్రాంతంలో వాతావరణం చేసే చిక్కు ఇంకొకటి ఉంది. మే నెలలో కింద ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున బయలుదేరి తిరుమల మీద పాడబోతే, కొండమీది చల్లదనానికి లోహపు తీగలు బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది, వేణువులోని గాలి చల్లబడి శ్రుతి తగ్గుతుంది. రెండూ ఎదురు దిశల్లో పోతాయి. వేణువుకు శ్రుతి మార్చే వీలు లేదు కనుక వాద్యాలను వేదిక దగ్గర అరగంట ఉంచి, వేణువును కాసేపు ఊది వేడెక్కించి, దానికే మిగతావన్నీ కలుపుకోవాలి. వానాకాలంలో తేమకు మృదంగం మూతలు వదులవుతాయి, పాటకూ పాటకూ నడుమ ఒకటి రెండు దెబ్బలు వేసుకోవడానికి ఆయనకు సమయం ఇవ్వండి. ఆ ఖాళీలో గాయకుడు తరువాతి కీర్తన రాగమూ అర్థమూ రెండు మాటల్లో చెబితే సభకు విసుగు ఉండదు.

వెళ్లేముందు సంచిలో వయొలిన్ తీగలు ఒక జత, ఎత్తుగడలు రాసిన కాగితం, టార్చిలైటు, మృదంగం ఎడమ మూతకు పెట్టే రవ్వ, దానిని తడపడానికి చిన్న సీసాలో నీళ్లు, శ్రుతి చేసుకునే రాయి ఉన్నాయో లేదో చూసుకోవాలి. రవ్వ మరిచిపోతే కల్యాణ మండపంలో వంటవాళ్లను అడగవచ్చు, పొద్దున ఉప్మా చేసి ఉంటే మిగిలే ఉంటుంది. రాయి మాత్రం ఎవరూ ఇవ్వరు.