హెచ్‌డీ బాక్స్ పెట్టినా మసక పోలేదు

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటికి హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్ వచ్చింది. బిగించిన అబ్బాయి పాత పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే గుచ్చి వెళ్లిపోయాడు. బొమ్మలో అదే మసక. "దీనికేనా డబ్బు తగలేశావు?" అంది అమ్మ.

ఆ పసుపు వైరులో హెచ్‌డీ రాదు, పాత 576 లైన్ల బొమ్మే వస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1080ఐకి, అంటే 1080 లైన్ల బొమ్మకి మార్చాను. మసక పోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. మామూలు ఛానళ్లు బాగానే వస్తున్నాయి, హెచ్‌డీవి మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతున్నాయి. మెనూలో చూస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ నిండుగా ఉంది, క్వాలిటీయే తక్కువ. డాబా ఎక్కి, డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పితే లోపలంతా పచ్చగా చిలుము. సముద్రపు గాలి మరి, మా వీధిలో గేటు గొళ్లేలకే దిక్కులేదు! ముందు బాక్స్ ప్లగ్ తీసేశాను, ఆ డిష్ కేబుల్లోంచే ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్తుంది. చిలుము పట్టిన చివర కోసేసి, కొత్త ఎఫ్ కనెక్టర్ వేసి, నీళ్లు దిగకుండా టేపు చుట్టాను. డిష్‌ను మాత్రం కదపలేదు, కాస్త పక్కకు జరిగినా సిగ్నల్ పోతుంది.

ఆ రాత్రి సీరియల్లో అత్తగారి చీర అంచు చూసి, అది నేత కాదు, ప్రింటని అమ్మ తేల్చేసింది.