ట్యాంకులు కడిగే ముందు క్యాన్ల మీద పేర్లు చూసుకోండి

పోయిన నెల మా పక్క రొయ్య పిల్లల హేచరీలో ట్యాంకు కడుగుతూ ఒక కుర్రాడు క్లోరిన్ పీల్చి పడిపోయాడు. బకెట్‌లో సగం దాకా యాసిడ్ పోసుకున్నాడు, క్యాన్ అయిపోయింది. పక్కనే అలాంటిదే ఇంకో 35 లీటర్ల తెల్ల క్యాన్ ఉంది, దాని మీదా యాసిడ్ స్టిక్కరే. మిగతా సగం అందులోంచి పోశాడు. లోపల ఉన్నది సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ ద్రవం. నిరుడు ఖాళీ అయిన యాసిడ్ క్యాన్‌లోకి ఎవరో ఒంపి పెట్టారు, పాత స్టిక్కర్ అలాగే ఉండిపోయింది. ఈ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. అది గాలికంటే బరువు, ట్యాంకు అడుగునే నిలబడుతుంది. పిల్లోడూ అక్కడే ఉన్నాడు. పైనున్నవాళ్లు లాగబట్టి బతికాడు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

వాడికి చదువొచ్చు. స్టిక్కర్ చదివే పోశాడు.

గ్లౌజులు, కళ్లజోళ్లు, బూట్ల గురించి నేను రాయను, అవి అందరూ చెప్పేవే. ఫిబ్రవరిలో గుంటలకు పిల్ల అందాలంటే కొత్తపట్నం నుంచి తుమ్మలపెంట దాకా హేచరీలన్నీ ఇప్పుడే కడగాలి. షెడ్లలో కెమికల్స్ ఎక్కువగా ఉండేది, కొత్త కూలీలు దిగేదీ ఇప్పుడే. అందుకే ఇది రాస్తున్నాను.

లేబుల్ మీద ఏముండాలి

ప్రమాదకర రసాయనాల మీద 1989లో కేంద్రం తెచ్చిన నియమాలున్నాయి. వాటి ప్రకారం ప్రతి కంటైనర్ మీద లోపల ఏముందో, ఎవరు తయారుచేశారో లేదా దిగుమతి చేసుకున్నారో, వాళ్ల అడ్రసు, దాని గుణాలు, విషప్రభావం ఉండాలి. సప్లయర్‌ని సేఫ్టీ డేటా షీట్ కూడా అడగండి, ఆ సరుకు ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే కాగితం అది. అందులో 16 భాగాలుంటాయి. అన్నీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ లేదు. 4వది ప్రథమ చికిత్స, 10వది దేనితో కలిస్తే ఏమవుతుంది అన్నది. ఆ రెండూ చదివి, ప్రింటు తీసి గోడకు అంటించండి.

బొమ్మలు

ఎర్ర అంచు ఉన్న డైమండ్‌లో నల్ల బొమ్మ ఉంటుంది. ఇలాంటివి మొత్తం తొమ్మిది, మన షెడ్డులో ఎక్కువగా కనిపించేవి మూడు నాలుగే. చేతి మీదా, లోహం మీదా ఏదో కారుతున్నట్టుంటే అది తినేసే రకం, యాసిడ్ లాంటిది. పుర్రె, ఎముకలు అంటే ఎవరికైనా తెలుసు. మంట బొమ్మల దగ్గరే పొరపాటు పడతారు. ఉత్త మంట ఉంటే తాను మండే సరుకు. సున్నా మీద మంట ఉంటే పక్కవాటిని మండించే సరుకు, బ్లీచింగ్ పౌడర్ ఈ రెండో రకం. ఆ బస్తాలు జనరేటర్ డీజిల్ పక్కన పెట్టిన షెడ్లు నేను బోలెడు చూశాను. డేంజర్, వార్నింగ్ అనే మాటల్లో డేంజర్ పెద్దది. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీకి ఇంగ్లీషు రాకపోవచ్చు, బొమ్మ మాత్రం అర్థమవుతుంది. పనిలోకి దిగే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి చూపించండి.

అసలు తప్పు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్యాన్ మీద లేబుల్ దాదాపు సరిగ్గానే ఉంటుంది. కొంపలు ముంచేది మనం ఒంపుకున్న క్యాన్. పేరు లేని క్యాన్ అయితే కనీసం అనుమానమైనా వస్తుంది. పాత పేరుతో కొత్త సరుకున్న క్యాన్‌ని ఎవరూ అనుమానించరు. పద్దెనిమిదేళ్లలో నేను చూసిన ప్రమాదాలు నాలుగైతే, మూడు ఒంపుడు వల్లే. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే మా బావని అడిగితే అక్కడా ఇదే కథ, జిగురు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌ని పెయింట్ డబ్బాలో పెడతారట.

ఒంపొద్దు. ఒంపక తప్పకపోతే, ఒంపకముందే కొత్త క్యాన్ మీద పేరు రాయండి. ఒంపాక రాద్దాంలే అంటే ఇంక రాయరు.

ఇక మిగతావి:

నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఏదీ పోయొద్దు. ఫార్మాలిన్ చూడ్డానికి అచ్చం నీళ్లే. "కొంచెమే కదన్నా, సాయంత్రానికి అయిపోద్ది" అంటారు. కొంచెం కూడా వద్దు.

పేరు మూత మీద రాయొద్దు. మూతలు మారిపోతాయి. క్యాన్ ఒంటి మీద రాయండి.

ఉత్త మార్కర్‌తో వదిలేయొద్దు. ఉప్పుగాలికి, ఎండకు రెండు నెలల్లో చెరిగిపోతుంది. ఆయిల్ పెయింట్‌తో, తెలుగులో, పెద్దక్షరాల్లో రాయండి.

"హైపో" అని రాయొద్దు. క్లోరిన్ విరగ్గొట్టడానికి వేసే సోడియం థయోసల్ఫేట్‌నీ హైపో అంటారు, సోడియం హైపోక్లోరైట్‌నీ హైపో అంటారు. ఒకటి క్లోరిన్‌ని చంపేది, ఇంకోటి క్లోరిన్ ఇచ్చేది. యాసిడ్ తగిలితే మొదటిది సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది, రెండోది క్లోరిన్ వదులుతుంది. పూర్తి పేరు రాయండి. నోటితో చెప్పేటప్పుడూ పూర్తి పేరే చెప్పండి.

క్యాన్ ఖాళీ అయిన రోజే స్టిక్కర్ గీకేయండి. మూడుసార్లు కడిగి చిల్లు పెట్టండి. నీళ్లకని ఎవరింటికీ ఇవ్వొద్దు.

యాసిడ్ బకెట్ వేరు, క్లోరిన్ బకెట్ వేరు. మగ్గులు కూడా. రంగులు మార్చండి.

బ్లీచింగ్ ఒక గది. యాసిడ్ ఇంకో గది. తాళాలు రెండు.

పర్మాంగనేట్, ఫార్మాలిన్ ఒకే అరలో పెట్టొద్దు.

సగం వాడిన బకెట్ వదిలేసి అన్నానికి వెళ్లొద్దు.

వాసన చూసి గుర్తుపట్టే తెలివితేటలు వద్దు.

ట్యాంకులో ఎవరైనా పడిపోతే వెంటనే మీరూ దూకొద్దు. గ్యాస్ వస్తుంటే గాలికి ఎదురుగా, ఎత్తుకు వెళ్లండి.

కళ్లలో పడితే 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు. గడియారం చూసి.

తాగితే కక్కించొద్దు. దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోన్ చేయండి. లేబుల్ ఫోటో తీసుకుని వెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది ఏం తాగాడని. "తెల్ల క్యాన్‌లోది సార్" అంటే ఆయనేం చేయాలి?

మళ్లీ చెప్తున్నా, ఒంపొద్దు.

ఇప్పటికే షెడ్డులో పేరు లేని క్యాన్ ఉంటే కాలవలో పారబోయొద్దు, గుంటలో పారబోయొద్దు, ఏమవుతుందో చూద్దామని ఇంకోదాంట్లో కలపొద్దు. మూత బిగించి, మిగతావాటికి దూరంగా నీడలో పెట్టి, దాని మీద "ఏంటో తెలియదు, ముట్టుకోవద్దు" అని రాసి సప్లయర్‌ని పిలిపించండి.