బీపీ, ఫిట్స్ మందులు మొదలుపెడుతున్నారా? ముందు చిగుళ్లు చూపించుకోండి

మా అమ్మకి బీపీ బిళ్ల మొదలైన కొన్ని నెలలకి ముందు పళ్ల మధ్య చిగురు ఉబ్బి పళ్ల మీదికి పాకింది. నొప్పి లేదు కదా, వయసుతో వచ్చిందేమో అనుకుని ఊరుకున్నాం. పళ్ల డాక్టరు మాత్రం నోరు చూడగానే "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగారు.

ముఖ్యంగా మూడు రకాల మందులతో ఇలా జరుగుతుంది: ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, బీపీకి వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటివి. ఫెనిటాయిన్ వాడేవాళ్లలో దాదాపు సగం మందికి వస్తుంది, పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఆమ్లోడిపిన్‌తో నూటికి ఇద్దరు ముగ్గురికే, కానీ ఆ బిళ్ల వేసుకునేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు.

చిగురుకి గట్టిదనం ఇచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ పాతది కరుగుతూ కొత్తది పుడుతూ ఉంటుంది. ఈ మందులు ఆ కరగడాన్ని తగ్గిస్తాయి, దాంతో కండ పేరుకుపోతుంది. పళ్ల మీద పాచి, గార ఉంటే వాపు కూడా తోడై ఇంకా పెరుగుతుంది. మందు మన చేతిలో లేదు, పాచి మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

అందుకే వీలైతే మందు మొదలుపెట్టే ముందే గార తీయించుకోండి, కిడ్నీ మార్పిడికి వెళ్లేవాళ్లయితే తప్పకుండా. పెరుగుదల సాధారణంగా 1 నుంచి 3 నెలల్లో కనబడుతుంది కాబట్టి ఆ రోజుల్లో వారానికోసారి అద్దంలో ముందు పళ్ల సందులు చూసుకోండి. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకోవాలి, పళ్ల సందులు కూడా శుభ్రం చేసుకోవాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి రుద్దకండి, చిగురు గీసుకుపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, చిగురు పెరిగిందని మందు మీరే ఆపేయకండి. ఫెనిటాయిన్ ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, సైక్లోస్పోరిన్ మానేస్తే పెట్టిన కిడ్నీనే పోవచ్చు. మందు రాసిన డాక్టరుకి చూపించి మార్చే వీలుందా అని అడగండి. బీపీకి టెల్మిసార్టాన్, ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ లాంటివి ఉన్నాయి, మీకు పడుతుందో లేదో ఆయనే చెప్పాలి. అమ్మకి మందు మార్చి, గార తీశాక నెమ్మదిగా తగ్గింది. కొందరికి చిగురు కోసి తీయాల్సి వస్తుంది, అదే మందు వాడుతూ పాచి వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది.

చిగుళ్లు వేగంగా ఉబ్బి రక్తం కారుతూ, దాంతోపాటు జ్వరం, నీరసం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే మాత్రం మందు వల్లేలే అని ఊరుకోకండి. రక్త క్యాన్సర్‌లో కూడా ఇలా ఉండవచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్త పరీక్ష చేయించండి.