ఇంటి వంటల పుస్తకం, 4వ పాఠం: ఏ గ్లాసు?

నూనె మరకలు పడ్డ పాత కాగితాలను భద్రం చేసుకునే పద్ధతి ఈసారి చెప్పాల్సింది. అది వచ్చే పాఠంలో చూద్దాం. పోయినసారి ఇంటి వంటకాలు రాసుకున్న కాగితాలను రకాల వారీగా కట్టలుగా విడదీయమన్న దగ్గరే చాలామంది ఆగిపోయారు. పులిహోర పండగ వంటల్లోకా, అన్నాల్లోకా? సర్వపిండి టిఫినా, చిరుతిండా?

అవసరం పడ్డప్పుడు మీ చెయ్యి ముందు ఏ కట్ట మీదికి పోతుందో అందులో పెట్టండి. రెండో కట్టలో ‘పులిహోర: అన్నాల్లో చూడండి’ అని ఒక చీటీ చాలు. వంటకాన్ని మాత్రం రెండుచోట్లా రాయొద్దు. ఒకచోట కారం తగ్గించి దిద్దుతారు, రెండోచోట పాత లెక్కే ఉండిపోతుంది.

కొందరు అమ్మ వైపు, అత్తగారి వైపు అని విడదీశారు. అటు వరంగల్, ఇటు గుంటూరు కలిసిన ఇళ్లు హైదరాబాద్‌లో ఎన్నో. టమాటా తొక్కు ఒక కట్టలో, టమాటా పచ్చడి ఇంకో కట్టలో ఉంటే రెండూ తిరగేయాలి. ఒకేచోట ఉంచి, ఎవరు నేర్పారో పేజీ మూలన రాయండి. అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

ఇక నన్ను బాగా బాధపెట్టే విషయం. ఏ పేజీ చూసినా ‘ఒక గ్లాసు’ అనే ఉంటోంది. ఏ గ్లాసు? టీ గ్లాసా, మంచినీళ్ల గ్లాసా? రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 180 మిల్లీలీటర్లు పడుతుంది, బేకింగ్ వాళ్ల కప్పులో 240. బగారా అన్నానికి బియ్యం ఒకదానితో, నీళ్లు ఇంకోదానితో పోస్తే అన్నం ముద్దవుతుంది, లేదంటే పలుకుగా ఉండిపోతుంది. పాత నోట్‌బుక్కుల్లో గిద్దెలు, సోలలు ఉంటాయి. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. ఈ లెక్క తెలిసినా సరిపోదు, ఆ ఇంట్లో వాడిన గిన్నె దొరకాలి. దొరికితే కాంటా మీద పెట్టి, సున్నా చేసి, నిండా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు. ఆ అంకెను టేపు మీద రాసి గిన్నె అడుగున అంటించండి.

ఉప్పు దగ్గర ఇంకా జాగ్రత్త. కల్లుప్పు రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, ప్యాకెట్‌లో వచ్చే మెత్తటి ఉప్పు ఒత్తుగా సర్దుకుంటుంది. అదే గిద్దెడు మెత్తటి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది. కల్లుప్పుతో రాసిన ఆవకాయ కొలతకు దాన్ని పోస్తే పచ్చడి ఉప్పు కషాయమే. కల్లుప్పా, దంచిన ఉప్పా, మెత్తటిదా అన్నది తప్పకుండా రాయాలి. నేనైతే ఉప్పును గ్రాముల్లో తప్ప రాయను.

‘చేత్తో వేస్తాను, కొలతలు నాకేం తెలుసు’ అనే పెద్దవాళ్లను మధ్యలో ఆపకండి, చెయ్యి తడబడుతుంది. వంటకు ముందు ఉప్పు డబ్బాను తూచండి, అయ్యాక మళ్లీ తూచండి. ముందు 612 గ్రాములు, తర్వాత 594 ఉంటే పడింది 18. కారం, నూనె, చింతపండు, అన్నిటికీ ఇదే దారి.

అభ్యాసం: ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లు చేసే పులుసును ఇలా తూచి పేజీ రాయండి. మరుసటి ఆదివారం వాళ్లను అడగకుండా, ఆ పేజీ ఒక్కటే చూసి మీరు వండి, వాళ్లకే వడ్డించండి. వాళ్లు చెప్పిన లోటును అదే పేజీలో, వేరే రంగు ఇంకుతో, తేదీ వేసి రాయండి.