ప్లే స్కూల్లో పిల్లల పక్కబట్టలు శుభ్రంగా సర్దడం ఎలా?

హైదరాబాద్‌లో చాలా ప్లే స్కూళ్లు, డే కేర్లు అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలోనో, ఇళ్ల కింది పోర్షన్లలోనో నడుస్తుంటాయి. కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ, ఎటు వెళ్లినా ఇదే. ఒక హాలు, రెండు గదులు, వాటి నిండా పిల్లలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ హాల్లోనే మ్యాట్లు పరిచి పడుకోబెడతారు. లేచాక అవన్నీ తీస్తేగానీ ఆడుకోవడానికి చోటుండదు. ఆ హడావిడిలోనే తేడా వస్తుంది. పడుకున్నంతసేపూ ఎడంగా ఉన్న పిల్లల దుప్పట్లు, లేచాక ఒకే కుప్పగా అల్మారాలోకి వెళ్తాయి. వాటికి పట్టిన చెమట ఆరదు, చొంగ ఆరదు. ఒకరి చీమిడి అంటిన షీటు మరొకరి దిండుకు ఆనుకుని మర్నాటి మధ్యాహ్నం దాకా మూసిన తలుపు వెనక ఉంటుంది.

పక్కబట్టల శుభ్రత అనగానే అందరికీ ఉతకడమే గుర్తొస్తుంది. కానీ ఉతికేది వారానికోసారి, సర్దేది రోజూ. కాబట్టి ముందు శ్రద్ధ పెట్టాల్సింది సర్దడం మీదే. గుర్తుంచుకోవాల్సినవి మూడే: ఒకరి పక్క ఇంకొకరి పక్కకు తగలకూడదు, చెమ్మ ఉండగా మడవకూడదు, మాసినవి ఉతికినవాటితో కలవకూడదు. ఈ మూడూ ఆయమ్మ దగ్గర్నుంచి మేడమ్ దాకా అందరికీ తెలియాలి.

1. ఎవరి పక్క వారికే

ఒక్కో బిడ్డకు ఒక మ్యాట్, దాని మీద వేసే నూలు షీట్లు రెండు, పలుచటి దుప్పటి ఒకటి చాలు. రెండు షీట్లెందుకంటే, ఒకటి తడిస్తే పక్క బిడ్డది అరువు తెచ్చి వేసే పరిస్థితి రాకూడదు. చాలామంది అమ్మలు పాత చీరలతో కుట్టిన పలుచటి బొంత పంపిస్తారు. దాన్ని వద్దనకండి. ఒంటికి మెత్తగా ఉంటుంది, సులువుగా ఉతకొచ్చు, త్వరగా ఆరుతుంది, పైగా అమ్మ వాసన ఉంటే కొత్తగా చేరిన పిల్లలు ఏడవకుండా పడుకుంటారు. దూది కూరిన మందపాటి బొంతలు మాత్రం వద్దు. ఒకసారి తడిస్తే లోపల ఎప్పటికి ఆరతాయో చెప్పలేం.

ఏడాదిలోపు పిల్లల విషయం వేరు. వాళ్ల పక్కలో దిండు, దుప్పటి, మెత్తటి బొంత, బొమ్మలు ఏవీ ఉండకూడదు. ముఖానికి అడ్డుపడితే ఊపిరాడదు. గట్టిగా సమంగా ఉండే పరుపు, దానికి బిగుతుగా పట్టే షీటు ఉంటే చాలు. వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పంపే అమ్మమ్మలుంటారు. వాళ్లకు ప్రేమగా కారణం చెప్పి తిరిగి పంపించండి.

ప్రతి వస్తువు మీదా పేరు ఉండాలి. షీటుకు, దుప్పటికి, సంచికి, మ్యాట్‌కి విడివిడిగా రాయాలి. మార్కర్ రాత నాలుగు ఉతుకులకు మాసిపోతుంది కాబట్టి చిన్న గుడ్డముక్క మీద పేరు కుట్టించి అతికిస్తే మేలు. పేరుతోపాటు ఒక గుర్తు కూడా పెట్టండి: చిలక, మామిడికాయ, ఆటో, ఏదైనా సరే. చదవడం రాని మూడేళ్ల పిల్లలు కూడా తమ సంచిని గుర్తుపట్టి తెచ్చుకుంటారు. కొత్తగా వచ్చిన ఆయమ్మకు కూడా తికమక ఉండదు.

2. లేవగానే మడవొద్దు

నిద్ర లేచిన వెంటనే షీటు ముట్టుకుంటే వెచ్చగా, కాస్త చెమ్మగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన మధ్యాహ్నమైతే తల పెట్టిన చోట పూర్తిగా తడిసే ఉంటుంది. దాన్ని అలాగే మడిచి సంచిలో పెడితే సాయంత్రానికి ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. బూజుకు, బట్టల్లో పెరిగే, కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులకు కావాల్సింది ఆ వేడీ చెమ్మే. ఆయాసం, దుమ్ము అలర్జీ ఉన్న పిల్లలకు ఇవి పడవు.

అందుకే పిల్లలు లేచి, ముఖం కడుక్కుని, స్నాక్స్ తినేదాకా పక్కలను అలాగే ఫ్యాన్ కింద వదిలేయండి. కిటికీలు తెరవండి. ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు. హాలు ఖాళీ చేయక తప్పదంటే ఒక్కో షీటునూ ఎవరి మ్యాట్ మీద వాళ్లదే పరిచి ఉంచి, మ్యాట్లను వరుసగా గోడ పక్కకు జరపండి. ఒకదాని మీద ఒకటి వేయకూడదు. ఈలోపు ఆయమ్మ ఒక్కో పక్కనూ చేత్తో తడిమి చూడాలి. పక్క తడిపిన బిడ్డ చాలాసార్లు చెప్పదు, భయపడుతుంది. తడి ఉంటే ఎవరికీ తెలియకుండా ఆ షీటును పక్కకు తీసేయండి, అందరి ముందూ అనొద్దు.

మడిచేటప్పుడు ఒళ్లు తగిలిన వైపు లోపలికి రావాలి. దుప్పటి, షీటు కలిపి చుట్టి ఆ బిడ్డ సంచిలో పెట్టేయండి. పిల్లల తలల మీద దులపకండి. ఆ దుమ్మంతా మళ్లీ వాళ్ల ముక్కుల్లోకే వెళ్తుంది. దులపాల్సి వస్తే బాల్కనీలో దులపండి.

3. ఎక్కడ, ఎలా పెట్టాలి

సంచి నూలుదైతే మంచిది. తాడు లాగితే మూతి బిగుసుకునే గుడ్డ సంచులు ఇంట్లోనే కుట్టుకోవచ్చు. గాలి ఆడుతుంది, షీట్లతోపాటే ఉతికేయొచ్చు. దుప్పట్లు కొన్నప్పుడు వచ్చే పారదర్శకమైన జిప్ కవర్లు చూడ్డానికి బాగుంటాయి కానీ కాస్త చెమ్మ మిగిలినా బట్ట లోపలే ముక్కిపోతుంది. అవే వాడాల్సి వస్తే బట్టలు పూర్తిగా ఆరాకే పెట్టండి, జిప్ కొంచెం తెరిచి ఉంచండి.

సంచులకు అరలున్న ర్యాక్ ఉంటే ఒక్కో అర ఒక్కో బిడ్డకు. ర్యాక్‌కి చోటు లేకపోతే గోడకు కొక్కేలు కొట్టించి సంచులు ఒకదానికొకటి తగలనంత ఎడంగా వేలాడదీయండి. కింది అర నేలకు కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. తడిబట్టతో నేల తుడిచినప్పుడు నీళ్లు తగలవు, బొద్దింకలు ఉంటే కనిపిస్తాయి. బాత్రూమ్ గోడకు ఆనించి పెట్టొద్దు, సింకు కింద పెట్టొద్దు. వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడ ఏదో ఆ ఇంట్లో ఉండేవాళ్లకు తెలుసు కాబట్టి అటు అసలు వద్దు. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, చెప్పుల స్టాండ్ ఇవన్నీ వేరే చోట ఉండాలి.

మ్యాట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల దీన్ని పట్టించుకోరు. మ్యాట్లను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పైదాని అడుగు కిందిదాని పడుకునే వైపుకు తగులుతుంది. అంటే నేల మీద ఉన్న మురికంతా ఇంకో బిడ్డ ముఖం పెట్టే చోటికి చేరుతుంది. దీనికి సులువైన పని ఒకటుంది. రెక్సిన్ మ్యాట్ అయితే అడుగు వైపు మూలన పెద్దగా ఒక గుర్తు వేయండి, రోజూ అదే వైపు నేలకు ఉండేలా పరచండి. తీసేటప్పుడు సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో రెండు వైపులా తుడిచి, ఆరాక, పడుకునే వైపు లోపలికి వచ్చేలా మడవండి. మడత పడని మ్యాట్లను పుస్తకాల్లా నిలువుగా, మధ్య ఖాళీ ఉండేలా నిలబెట్టండి. రెక్సిన్ చిరిగి లోపలి ఫోమ్ కనబడుతుంటే ఆ మ్యాట్ పారేయాల్సిందే. ఫోమ్‌లోకి దిగిన మూత్రాన్ని ఎంత తుడిచినా తీయలేం.

కలరా ఉండలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. పురుగులు రావని, వాసన పోతుందని బట్టల మధ్య వేయడం మనకు అలవాటు. అవి ఎక్కువగా నాఫ్తలీన్ అనే రసాయనంతో చేసినవి. జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఆ వాసన, ఆ బట్ట తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి కామెర్లు, తీవ్రమైన రక్తహీనత రావచ్చు. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో చూస్తే తెలియదు. పైగా ఉండ చూడ్డానికి పిప్పరమెంటులా ఉంటుంది, నోట్లో పెట్టేసుకుంటారు.

4. ఉతకడం, ఆరేయడం

షీట్లు, దుప్పట్లు కనీసం వారానికోసారి ఉతకాలి. ఎండాకాలంలో రెండుసార్లయితే మంచిది. ఉయ్యాల్లో, క్రిబ్‌లో పడుకునే పసిపిల్లల షీటు రోజూ మార్చాలి. చాలా సెంటర్లు శుక్రవారం ఇంటికి పంపి సోమవారం తెమ్మంటాయి. ఇది బాగానే పనిచేస్తుంది, ఒక్క షరతు: ఇంటికి పోయే సంచి, ఉతికి తెచ్చే సంచి ఒకటే కాకూడదు, లేదా సంచిని కూడా ఉతికి పంపాలి.

నగరంలో చాలాచోట్ల వాడకానికి బోరు నీళ్లే. ఆ ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదని పౌడర్ ఇంకాస్త వేస్తారు, అది బట్టలో ఉండిపోతుంది. పిల్లల మెడ దగ్గర, మోకాళ్ల వెనక దురద, ఎర్రటి పొక్కులు వస్తుంటే ముందు దీన్ని అనుమానించండి. పౌడర్ తగ్గించి, ఒకసారి ఎక్కువ జాడించండి.

ఎండ ఉన్న రోజుల్లో మేడ మీద ఆరేయడానికి మించింది లేదు. అయితే పావురాలున్న బాల్కనీలో, ఏసీ డబ్బాల పక్కన ఆరేయొద్దు. పావురాల రెట్టల పొడి, ఈకల దుమ్ము ఊపిరితిత్తులకు మంచివి కావు. పక్కన బిల్డింగ్ కడుతుంటే సిమెంటు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. నెట్ కట్టిన బాల్కనీ చూసుకోండి, ఎండ తగ్గేలోపే తీసేయండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టిన వారాల్లో ఏమీ ఆరవు. అప్పుడు తల్లిదండ్రులను మూడో షీటు అడగండి. దుప్పటి లావుదైతే పలుచటిది తెమ్మనండి. ఫ్యాన్ కింద ఆరినా చివర్లో ఇస్త్రీ పెట్టించండి. అంచులు, కుట్ల దగ్గర చెయ్యి పెట్టి చూశాకే సంచిలో పెట్టాలి, మధ్యలో ఆరినా అక్కడ ఆరదు.

5. తడిపినా, వాంతి చేసుకున్నా

ముందు బిడ్డను శుభ్రం చేయండి. షీటును అక్కడికక్కడే లోపలికి చుట్టి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ముడివేసి, పేరు రాసి, మాసిన బట్టల బుట్టలో పెట్టండి. క్లాసు సింకులో ఉతకొద్దు. పిల్లలు చేతులు కడిగేది, నోరు పుక్కిలించేది అక్కడే.

మూత్రమైతే మ్యాట్‌ను సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. వాంతి, విరేచనమైతే అది చాలదు. సబ్బుతో మురికి పోయాక, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్‌ను లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపి తుడవండి. సీసా మీద శాతం ఎంతుందో చూసుకోండి. పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి, మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి. పిల్లలను ముందే పక్క గదిలోకి పంపి కిటికీలు తెరవాలి. ఈ నీళ్లు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఈ పనికి వేసుకున్న గ్లవ్స్ తీశాక కూడా సబ్బుతో చేతులు కడగాలి.

6. పేలు, గజ్జి, చేతులు-పాదాల మీద పొక్కులు

పేలు కనిపించాయని క్లాసులో అందరి దుప్పట్లూ ఉడకబెట్టేంత టెన్షన్ అక్కర్లేదు. పేలు ఎక్కువగా తల నుంచి తలకే ఎక్కుతాయి. తల వదిలిన పేను సాధారణంగా రెండు రోజులకు మించి బతకదు. ఆ బిడ్డ గత రెండు రోజులుగా వాడినవి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, బాగా ఆరబెట్టండి. ఉతకలేని మెత్తటి బొమ్మను కవర్లో కట్టి రెండు వారాలు పక్కన పెట్టండి.

గజ్జి పురుగు మనిషి ఒంటి నుంచి విడిపోయాక రెండు మూడు రోజులు బతుకుతుంది. అందుకని గత మూడు రోజుల్లో వాడినవన్నీ వేడినీళ్లలో వేయాలి. ఉతకలేనివి వారం రోజులు కవర్లో కట్టి ఉంచాలి. బిడ్డ ఇంట్లోవాళ్లందరూ ఒకేసారి మందు రాసుకోకపోతే మాత్రం మనం ఎన్ని షీట్లు ఉతికినా మళ్లీ వస్తుంది.

వానాకాలంలో ఎక్కువగా కనిపించే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ జబ్బు (చేతులు, పాదాల మీద, నోట్లో పొక్కులు వచ్చేది) చొంగ, పొక్కుల రసి, మలం ద్వారా అంటుతుంది. ఆ వైరస్ మీద చేతికి రాసుకునే శానిటైజర్ అంత బాగా పనిచేయదు, సబ్బే దిక్కు. తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు మలంలో వైరస్ ఉంటుంది కాబట్టి బిడ్డ తిరిగి వచ్చాక ఆ పక్క విషయంలో కొన్నాళ్లు అదనపు జాగ్రత్త పడండి.

పరిచేటప్పుడు మ్యాట్‌కి మ్యాట్‌కి మధ్య మూడు అడుగులు వదలాలి. చోటు చాలకపోతే ఒకరి తల ఉన్న వైపు పక్కవారి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి, దగ్గినా ముఖాలు దగ్గరగా ఉండవు.

7. తల్లిదండ్రులు చూడాల్సింది

బిడ్డను చేర్పించేముందు ఒక్కసారి ఆ అల్మారా తెరిచి చూపించమనండి. తెరవగానే ముక్కిపోయిన వాసన వస్తుందా, సంచుల మీద పేర్లున్నాయా, మ్యాట్ అడుగు ఎలా ఉంది, ఇవి చూస్తే సంగతి తెలిసిపోతుంది. చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు వాళ్ల పిల్లలను చూసుకునే క్రెష్ సదుపాయం కల్పించాలి. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో అలాంటి క్రెష్‌కు పంపేవాళ్లూ ఇవే ప్రశ్నలు అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, శ్రద్ధగా నడిపేవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకు ముందురోజు పక్కబట్టలన్నీ ఇళ్లకు పంపేయండి. అరలు ఖాళీ చేసి, సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక తలుపులు కొద్దిగా తెరిచి ఉంచండి. మ్యాట్ల మడతలు, కుట్ల మధ్య టార్చి వేసి నల్లుల కోసం చూడండి. అవి తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు, సెలవులతో పోవు. తెరిచిన రోజు ఉతికిన సంచి తెచ్చిన పిల్లల పక్కే వేయండి, తేనివారికి సెంటర్లో ఉతికి విడిగా ఉంచిన షీటు ఇవ్వండి. దానికోసం అలాంటి షీట్లు నాలుగైదు ఎప్పుడూ చేతిలో ఉండాలి.